అడుగుకు అర అంగుళం: కొయ్య డోరీతో మొదలు

కొయ్య ఓడల మోడళ్ల మీద మోజు పడినవాళ్ల కన్ను ముందుగా విక్టరీ మీదే పడుతుంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నిలబడి పోరాడిన ఆ బ్రిటిష్ నౌక ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది. దాని కిట్టు పెట్టె మీది బొమ్మ చూస్తే చేతులు ఊరుకోవు. పెట్టె తెరిచాక సంగతి వేరు. నూటికి పైగా ఫిరంగులు, ఒక్కో ఫిరంగి బండికి నాలుగేసి చక్రాలు. అంటే నాలుగు వందలకు పైగా బుల్లి చక్రాలు, అన్నీ ఒకే తీరుగా రావాలి. అవయ్యాక తాళ్లు, ముడులు, కప్పీలు. కొత్తగా కత్తి పట్టినవాడు సగం దాకా కూడా రాకముందే ఆ పెట్టె అటకెక్కుతుంది.

అలాగని కష్టమొక్కటే కారణం కాదు. పెద్ద ఓడలో తప్పు వెంటనే కనబడదు. మొదటి వారంలో పక్కటెముకలాంటి ఒక ఫ్రేము మిల్లీమీటరు పక్కకు ఒరిగితే అది పలకల కింద దాక్కుంటుంది, ఎన్నో నెలల తర్వాత డెక్కు వంకరై బయటపడుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకే మొదటి మోడల్‌గా డెక్కు లేని, తెరచాప లేని, లోపలా బయటా అంతా కళ్లెదుటే ఉండే చిన్న పడవను ఎంచుకోవాలంటాను. తప్పు చేసిన రోజే తెలుస్తుంది, ఆ రోజే దిద్దుకోవచ్చు. నా ఓటు డోరీకి.

డోరీ ఉత్తర అట్లాంటిక్ చేపలవాళ్ల పడవ. న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న గ్రాండ్ బ్యాంక్స్‌లో కాడ్, హాలిబట్ చేపల కోసం అమెరికా తీరంలోని గ్లోస్టర్ నుంచి వెళ్లే స్కూనర్లనే తెరచాప ఓడల డెక్కు మీద వీటిని ఒకదానిలో ఒకటి దొంతరగా పేర్చి తీసుకెళ్లేవారు. అడ్డపలకలు ఊడదీస్తే పక్కలు బయటికి వాలి ఉంటాయి గనుక పైది కిందిదాంట్లో చక్కగా ఇమిడిపోతుంది. అక్కడికి చేరాక ఒక్కోదాన్ని నీళ్లలోకి దింపితే ఇద్దరేసి మనుషులు గాలాలు కట్టిన పొడవాటి తాడు వేసుకుంటూ పోయేవారు. మసాచుసెట్స్‌లోని ఏమ్స్‌బరీ ఊళ్లో మెర్రిమాక్ నది ఒడ్డున 1793లో మొదలైన లోవెల్ బోట్ షాపు ఈ పడవలకు పేరుమోసింది. చకచకా, చవకగా, ఎక్కువ సంఖ్యలో కట్టడానికి కుదిర్చిన ఆకారం ఇది. బల్లపరుపు అడుగుభాగం, తిన్నటి పక్కలు, ఏ మూలా గుండ్రం లేదు. పడవలు కట్టేవాళ్ల పని తేలిక చేసిన ఆ ఆకారమే మన పనీ తేలిక చేస్తుంది.

కిట్టు కొనదలిస్తే మోడల్ షిప్‌వేస్ అనే అమెరికన్ సంస్థ కొత్తవాళ్ల కోసం డేవిడ్ ఆంట్‌షెర్ల్ రూపకల్పనతో మూడు పడవల వరుస తెచ్చింది. డోరీ, నార్వే ప్రామ్, లాబ్‌స్టర్ స్మాక్. మూడూ కష్టం మెట్టుమెట్టుగా పెరిగేలా ఉంటాయి. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా, సుంకం కలిసి జేబు బరువు తగ్గిస్తాయి. అలా కాకుండా చెక్క రేకులు కొని సొంతంగా కోసుకోవడం డోరీ విషయంలో అసాధ్యమేమీ కాదు. ఇక్కడ చెప్పేది ఆ దారే. కిట్టు ఉన్నవాళ్లు కోత పని దాటేసి మిగతాది చదువుకోవచ్చు.

గీత, చెక్క, కత్తి

స్కేలు 1:24 పెట్టుకుందాం. అసలు పడవలో ఒక అడుగు మోడల్‌లో అర అంగుళం. గ్రాండ్ బ్యాంక్స్ డోరీలను వాటి అడుగుభాగం పొడవుతో పిలుస్తారు. పదిహేనడుగుల డోరీ అంటే కింద పదిహేను, పైన కొస నుంచి కొసకు మరో మూడు నాలుగడుగులు ఎక్కువ. మన మోడల్ తొమ్మిది, తొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది. ఒడిలో పెట్టుకుని పని చేసుకునే సైజు. ఇంతకంటే చిన్నదైతే వేళ్లు అడ్డం వస్తాయి.

డ్రాయింగుల కోసం జాన్ గార్డ్‌నర్ రాసిన ‘ది డోరీ బుక్’ను మించింది నాకు తెలియదు. రకరకాల డోరీల రేఖాచిత్రాలు, కొలతలు, అసలు పడవ కట్టే పద్ధతి అన్నీ అందులో ఉన్నాయి. డ్రాయింగును స్కేలుకు తగ్గించి ప్రింటు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. కాగితానికి సరిపోయేలా కుదించే సెట్టింగు ప్రింటర్‌లో దానంతటదే పడి ఉంటుంది, దాన్ని తీసేయాలి. డ్రాయింగు మీద ఒక పక్క నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి నాలుగంగుళాల గీతలు గీసి పెట్టుకుని, ప్రింటు వచ్చాక స్టీలు స్కేలుతో కొలవండి. నిలువునా అడ్డంగా రెండూ కొలవాలి, కొన్ని ప్రింటర్లు ఒక వైపే సాగదీస్తాయి.

చెక్క బాస్‌వుడ్. ఆర్కిటెక్చర్ విద్యార్థులు వెళ్లే దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ పలుచని రేకులుగా దొరుకుతుంది. పక్క పలకలకు అంగుళంలో ముప్ఫై రెండో వంతు మందం, అంటే 0.8 మిల్లీమీటర్లు. అడుగుభాగానికీ ఫ్రేములకూ దానికి రెట్టింపు. చవగ్గా వస్తుందని బాల్సా కొనకండి. అది విమానాలకు చెక్క, పడవలకు కాదు. కత్తి తగిలితే నలుగుతుంది, అంచు నిలవదు, రంగు వేస్తే నూగు లేస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కూడా చెక్కడానికి ఎంత మెత్తగా ఉంటుందో పలుచని పలకగా అంతే బలహీనంగా ఉంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర నార సన్నగా, దగ్గరగా ఉంటుంది. దాని తుంపులు దొరికితే తెడ్లకూ, చిన్న సామానుకూ దాచుకోండి.

పనిముట్ల జాబితా చూసి కంగారు పడనక్కర్లేదు. మార్చుకునే మొనదేలిన బ్లేళ్లున్న కత్తి, స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, పట్టకారు, 120 నుంచి 400 దాకా గరుకు కాగితాలు, వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్లు, కత్తి కింద వేసుకునే మ్యాటు. క్లాంపులకు బదులు బట్టలకు పెట్టే చెక్క క్లిప్పులు చాలు, ముక్కులు కాస్త సన్నగా చెక్కుకుంటే మరీ బాగా పనికొస్తాయి. జిగురు మామూలు ఫెవికాల్. చిటికెలో అంటుకునే సూపర్ గ్లూ ఆశ పెడుతుంది గానీ సర్దుకునే వ్యవధి ఇవ్వదు, చెక్కలోకి ఇంకి రంగు పట్టనివ్వదు, దాని ఆవిరి కళ్లను మండిస్తుంది. మోటారు యంత్రమేదీ వద్దు. బ్లేడు మాత్రం తరచూ మార్చండి. మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన చెయ్యే జారుతుంది.

గరుకు కాగితాన్ని వేళ్లతో పట్టి రుద్దడం మానేయాలి, వేలు ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ గుంట పడుతుంది. తిన్నటి చెక్క బద్దలకు కాగితం అతికించుకుని రెండు మూడు బద్దలు సిద్ధం చేసుకోండి. ఒకటి మాత్రం పొడుగ్గా, ఆరేడు అంగుళాలు ఉండాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

బోర్లా పడవ

డోరీని బోర్లించి కడతాం. ఒక అడుగు పొడవున్న, వంకర లేని ప్లైవుడ్ ముక్క తీసుకుని గాజు పలక మీద పెట్టి చూడండి. ఏ మూల నొక్కినా లేవకూడదు. దాని మీద మధ్యగీత గీసి, డ్రాయింగులో ఫ్రేములు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ అడ్డగీతలు గీయాలి. అడ్డగీత మధ్యగీతకు సరిగ్గా లంబంగా ఉండాలి. మూలమట్టం ఇక్కడ పనికొస్తుంది.

ఒక్కో ఫ్రేము మూడు ముక్కలు. కింద ఒక అడ్డ ముక్క, రెండు పక్కలా రెండు చేతులు. మూడింటినీ ఒకే రేకులోంచి కోస్తే పని త్వరగా అవుతుంది కానీ, చేతుల దగ్గర చెక్క నార అడ్డంగా పడి పుటుక్కున విరుగుతుంది. అందుకని విడివిడిగా, నార పొడవునా ఉండేలా కోసి అతకాలి. డ్రాయింగు మీద పాలిథిన్ కాగితం పరిచి, దాని మీదే ముక్కలు పేర్చి అతికిస్తే కొలత తప్పదు, జిగురు కాగితాన్ని పట్టదు. చేతుల కొసలు కావలసిన దానికంటే పొడుగ్గా వదిలి, ఆ కొసలను కలుపుతూ తాత్కాలికంగా ఒక అడ్డబద్ద అతికించండి. ఫ్రేములన్నిటికీ ఆ బద్ద ఒకే మట్టంలో ఉండాలి. బోర్లించినప్పుడు ఆ బద్దే ప్లైవుడ్ మీద కాళ్లలా నిలబెడుతుంది. పడవ పూర్తయ్యాక దాన్ని కోసి పారేస్తాం.

అడుగుభాగానికి మూడు నాలుగు పలకలు పొడవునా పక్కపక్కన అతకాలి. అతికే ముందు ఒక్కో పలక అంచున మెత్తటి పెన్సిల్ రాస్తే, తర్వాత అతుకు గీత సన్నగా నల్లగా కనిపిస్తుంది. అసలు పడవలో నీళ్లు కారకుండా పీచు కూరిన సందు అదే. ఎండాక ఆకారానికి కోసి, ఫ్రేముల మధ్య పడేలా లోపలివైపు అడ్డ పట్టీలు వేయండి. డోరీ అడుగు పూర్తిగా చదును కాదు, ముందూ వెనకా కాస్త పైకి లేచి ఉంటుంది. తడిపి, రెండు కొసల కింద చిన్న ఎత్తులు పెట్టి, మధ్యలో బరువుంచి రాత్రంతా వదిలేస్తే ఆ వంపు వచ్చేస్తుంది, అప్పుడు అడ్డగీతల మీద బోర్లా నిలబెట్టిన ఫ్రేములకు అతికించాలి.

ముందుకొన కొయ్య, వెనక సన్నటి త్రికోణపు పలక. ఆ వెనకపలకను అక్కడి నావికులు సమాధిరాయి అంటారు, ఆకారం అలాగే ఉంటుంది. ఓడల మోడళ్లలో కొత్తవాళ్లను ఏడిపించేది ముందుకొన దగ్గర పలకల చివర్లు దూరే గాడి. డోరీలో ఆ బెడద లేదు. లోపలి కొయ్యను రెండు వైపులా వాలుగా చెక్కి, పలకల చివర్లు దాని మీద అతికించి, తర్వాత బయట ఇంకో కొయ్య మూతలా వేస్తారు. ఎంత వాలుగా చెక్కాలో డ్రాయింగులోని కోణం చూసి మొదలుపెట్టండి, తుది తేల్పు మాత్రం తర్వాతి పనిలోనే.

వాలు పట్టడం

ఆ పనే ఈ మోడల్‌కు ప్రాణం. పలకలు వేయడం ఎంత చక్కగా వచ్చినా, దీన్ని తొందరగా ముగించినవాడి పడవలో ఫ్రేము ఉన్న చోటల్లా ఎత్తుపల్లం కనిపిస్తుంది.

ఫ్రేములు కోసినప్పుడు వాటి అంచులు చదునుగా ఉంటాయి. పలక మాత్రం ముందుకొన వైపు లోపలికి, వెనక్కి పోతూ మళ్లీ లోపలికి వంగుతూ పోతుంది. అందుచేత చదును అంచుకు పలక ఒక కొస మీదే ఆనుతుంది, రెండో కొస దగ్గర సందు. ప్రతి ఫ్రేము అంచునూ పలక పోయే దిక్కుకు తగ్గట్టు వాలుగా రుద్దాలి. నడిమి ఫ్రేముకు దాదాపు అక్కర్లేదు, ముందూ వెనకా ఉన్నవాటికి ఎక్కువ. అడుగుపలక పక్క అంచు కూడా ఇదే వాలులోకి రావాలి.

పొడుగాటి గరుకు బద్ద ఇందుకే. అది ఎప్పుడూ కనీసం రెండు ఫ్రేముల మీద ఆనుకుని ఉండాలి. అప్పుడు ఎత్తుగా ఉన్నదే అరుగుతుంది, పల్లం ఉన్నది అలాగే ఉంటుంది. ఒక ఫ్రేము దగ్గరే నిలబెట్టి రుద్దితే ఆ ఒక్కటీ లోపలికి పోతుంది. రుద్దే ముందు ఫ్రేము అంచులకు పెన్సిల్ పూసుకోండి. పెన్సిల్ మిగిలిన చోట ఇంకా ఆనలేదని అర్థం. మధ్యమధ్య 0.8 మిల్లీమీటర్ల సన్నటి బద్దను ముందుకొన నుంచి వెనకపలక దాకా వేలితో అదిమి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. వెలుతురు ఎక్కడ తొంగిచూస్తే అక్కడ ఇంకా పని ఉంది. బద్దను పైన పెట్టి చూశాక కింద, మధ్యలో కూడా చూడాలి. ఒక ఫ్రేము మరీ లోపలికి ఉందనిపిస్తే దాని అంచుకు సన్న ముక్క అతికించి మళ్లీ రుద్దుకోవచ్చు. సిగ్గుపడే పనేమీ కాదు, అసలు పడవల పనివాళ్లూ అదే చేస్తారు.

ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని కాదిది. మరుసటి రోజు పొద్దున కొత్త కళ్లతో చూస్తే మూడు చోట్ల ఇంకా వెలుతురు కనిపిస్తుంది.

పలకలు

ఒక్కో పక్కకు మూడో నాలుగో పలకలు, డ్రాయింగును బట్టి. తిన్నటి పట్టీ తీసి వంచితే సరిపోతుందనుకుంటారు. పోదు. పడవ పక్క వాలుగా ఉంది, అదే సమయంలో చుట్టూ వంగుతోంది. తిన్నటి పట్టీని ఒక దిక్కున వంచినప్పుడు రెండో దిక్కున అంచు లేచిపోతుంది, బలవంతంగా అదిమితే నలుగుతుంది. చదునుగా పరిచినప్పుడు అసలు పలక అరటిపండులా వంగి ఉంటుంది. ఆ వంపును కొలిచి తెలుసుకోవాలి, ఊహించకూడదు.

మందపాటి కాగితం పట్టీని ఫ్రేముల మీద బలవంతం లేకుండా, దానంతటది ఎలా పడుకుంటే అలా పెట్టి టేపు వేయండి. అడుగుపలక అంచు ఎక్కడుందో, పై అంచు ప్రతి ఫ్రేము మీద ఎక్కడికి రావాలో కాగితం మీద చుక్కలు పెట్టి, విప్పి, సన్నటి బద్దను వంచి ఆ చుక్కలను ఒకే సాఫీ గీతతో కలపండి. కాగితాన్ని కత్తిరించి పడవ మీద మళ్లీ పెట్టి చూడాలి. కాగితానికి ఖర్చేముంది, సరిపోయేదాకా తీస్తూనే ఉండొచ్చు. అది కుదిరాక రెండు చెక్క రేకులను రెండు వైపులా అంటుకునే టేపుతో జంటగా కలిపి, రెంటినీ ఒకేసారి కోయాలి. కుడి ఎడమలు అప్పుడే అచ్చంగా ఒకటవుతాయి. అంచు గీత మీద కాకుండా గీతకు బయటే కోసి, మిగిలింది గరుకు బద్దతో తెచ్చుకోండి.

వేడినీళ్లలో కొద్ది నిమిషాలు నాననిస్తే బాస్‌వుడ్ లొంగుతుంది. వేడీ తేమా కలిసి చెక్క పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ను మెత్తబరుస్తాయి. తడి పలకను పడవ మీద క్లిప్పులతో బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. జిగురు మాత్రం ఆరాకే. తడిమీద అతికిస్తే చెక్క ఎండి కుంచించుకుపోయి అతుకు విచ్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో వానాకాలంలో రాత్రి ఆరేసింది పొద్దునకు ఆరదు. ఇంకో రోజు ఆగడమే మేలు.

మొదటి పలక అడుగుభాగం పక్కది. ఎడమది వేశాక వెంటనే కుడిది వేయండి. ఒక వైపు రెండు మూడు వరసలు వేసి రెండో వైపుకు వస్తే ఆ లాగుడుకు పడవ మొత్తం మెలి తిరుగుతుంది. తర్వాతి పలక మొదటిదాని మీదికి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఎక్కుతుంది. ఆ ఎక్కే మేర మొదటి పలక బయటి ముఖాన్ని ఏటవాలుగా రుద్దాలి. పలక వేయకముందే పెన్సిల్‌తో ఆ మేర హద్దు గీసుకుంటే ఎక్కువ పోకుండా ఉంటుంది. ముందుకొన దగ్గరా వెనకపలక దగ్గరా చివరి అంగుళంలో ఈ వాలును క్రమంగా పెంచితే రెండు పలకలూ ఒకే మట్టంలోకి వచ్చి కలిసిపోతాయి. డోరీకి అందం ఇచ్చేది ఇదే. పని నేర్చినవాడి మోడల్‌ను ముందుకొన చూసి గుర్తుపట్టవచ్చు.

జిగురు అగ్గిపుల్ల మొనతో సన్నగా రాయాలి. పలక అదిమితే బయటికి పొంగిందంటే ఎక్కువైందని. తడి కుంచెతో అప్పుడే తుడిచేయండి, ఎండిపోయిన జిగురు మచ్చ రంగు వేశాక మెరుస్తూ బయటపడుతుంది.

తిప్పాక

అన్ని పలకలూ ఆరాక పడవను ప్లైవుడ్ నుంచి విడదీసి మొదటిసారి వెల్లకిలా తిప్పండి. అడ్డబద్దలు కోసేయకముందే పై అంచులకు పట్టీలు వేయడం మేలు, లేకపోతే పక్కలు విచ్చుకుంటాయి. పట్టీ ఆరాక బద్దలు తీసి, ఫ్రేముల కొసలు సమం చేయాలి. లోపలివైపు ఫ్రేముల పొడవునా ఒక సన్నటి పట్టీ వేసి, దాని మీద కూర్చునే అడ్డపలకలు ఆనించండి. వాటిని అతికించవద్దు. అసలు డోరీలో అవి ఊడొచ్చేవే, అవి ఊడబట్టే దొంతరగా పేర్చగలిగారు. ఊడదీయగలిగేలా చేస్తే లోపలి ఫ్రేముల పనితనం కూడా కనబడుతుంది.

రంగుకు ముందు పలుచని లక్క పాలిష్ ఒక పూత, ఆరాక 400 కాగితంతో మెల్లగా. అప్పుడు నీళ్లలో పలచన చేసిన యాక్రిలిక్ రంగు నాలుగైదు పొరలు. ఒకే మందపు పొర వేస్తే పలకల అతుకుల వాలు పూడిపోయి ఇంత కష్టమూ కనబడకుండా పోతుంది. బయట లేత గోధుమ పసుపు, పై పట్టీకి ముదురు పచ్చ. గ్లోస్టర్ డోరీలకు ఆ జోడీ బాగా నప్పుతుంది. మెరుపు రంగు మాత్రం వద్దు. చేపల పడవ అద్దంలా మెరవదు.

తెడ్లు చాలామంది ఆఖర్న అరగంటలో కానిచ్చేస్తారు. నేనైతే వాటికి ఒక పూర్తి పూట ఇవ్వమంటాను. 1883 జనవరిలో హోవార్డ్ బ్లాక్‌బర్న్ అనే చేపలవాడు మంచుతుపానులో స్కూనర్‌కు దూరమై డోరీలో చిక్కుకున్నాడు. చేతి తొడుగులు పోయాయి. వేళ్లు గడ్డకట్టడం ఖాయమని తెలిసి, గడ్డకట్టేటప్పుడు తెడ్డు పట్టుకున్న వంపులోనే ఉండేలా వాటిని తెడ్లకు చుట్టి ఉంచాడు. తోటివాడు టామ్ వెల్ష్ చలికి చనిపోయాడు. బ్లాక్‌బర్న్ ఐదు రోజులకు న్యూఫౌండ్‌లాండ్ తీరం చేరాడు, వేళ్లన్నీ పోగొట్టుకున్నాడు. ఆ తెడ్డు మన స్కేలులో అగ్గిపుల్ల కంటే కాస్త లావు, నాలుగున్నర అంగుళాల పొడవు. చదరపు బద్ద తీసుకుని నాలుగు అంచులూ కోసి ఎనిమిది పలకలు చేసి, వాటిని గరుకు కాగితంతో గుండ్రం చేయాలి. నేరుగా గుండ్రం చేయబోతే అండాకారం వస్తుంది. ఆకు మధ్యలో మందంగా, అంచుకు పలుచగా. రెండు జతలు కావాలి, డోరీలో ఇద్దరుంటారు.

వెనకపలకకు రెండు రంధ్రాలు వేసి ఒక తాడు ఉచ్చు దూర్చండి, స్కూనర్ మీదికి ఎత్తేటప్పుడు కొక్కెం తగిలించేది దానికే. తాడు మందం లెక్క తేలిక. అసలుది అంగుళమైతే మనది మిల్లీమీటరు. దారానికి తేనెమైనం రాసి లాగితే నూగు అణుగుతుంది. అడుగుభాగంలో నీళ్లు వదిలే బిరడా ఒకటి ఉండాలి, దానికీ కిందవైపు తాడు ఉచ్చు ఉంటుంది. పడవ బోల్తాపడితే చేపలవాడు పట్టుకు వేలాడేది ఆ ఉచ్చునే. ఓపిక ఉంటే గాలాల తాడు చుట్టిపెట్టే చెక్క తొట్లు కూడా చేయొచ్చు, లేకున్నా లోటేమీ లేదు.

దీని తర్వాత ఏమిటని అడిగితే, గుండ్రటి పొట్ట ఉన్న లాబ్‌స్టర్ స్మాక్ వైపు వెళ్లమంటాను. తెరచాప, డెక్కు రెండూ అక్కడ కలుస్తాయి, వాలు పట్టడం వచ్చినవాడికి అది భయపెట్టదు. సొంత తీరం మీద మనసున్నవాళ్లకు మరో దారి ఉంది. కోరమండల్ ఒడ్డున అలల మీదుగా సరుకూ మనుషులనూ దాటించిన మసూలా పడవ. దానికి ఫ్రేములే లేవు, మేకులూ లేవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. డోరీలో ఫ్రేముల మీద వేసిన పలక అక్కడ గాలిలోనే పక్క పలకతో కలవాలి. కాగితం మీద వంపు తీయడం చేతికొచ్చాకే దాన్ని తలపెట్టండి.